చారిత్రక నవలలోని మాటలకు పిల్లల చేతే బొమ్మలు వేయించడం ఎలా?

"చారిత్రక నవల మొదలుపెడితే పిల్లలు రెండో పేజీ దాటడం లేదు. మాటలు అర్థం కావట్లేదంటున్నారు. ఏం చేయమంటారు?" తెలుగు టీచర్లు, ఇంట్లో పిల్లలకు చదివి వినిపించే తల్లిదండ్రులు, విదేశాల్లో వారాంతపు తెలుగు బడులు నడిపేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. బొమ్మలు వేయించండి అంటే వెంటనే ఇంకోటి అడుగుతారు: "వేయించాం. బొమ్మలు బాగానే వేశారు. మాటలు మాత్రం రాలేదు."

ఆ రెండో మాట కోసమే ఇది రాస్తున్నాను. బొమ్మ వేయించడం తేలికే. దానితో మాట వచ్చేలా చేయడానికి ఒక వరస ఉంది. ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఆ మాట పిల్లాడికి ఎంతవరకు అర్థమైందో బయటపెట్టడానికే మనం బొమ్మ వేయిస్తున్నాం. "అగడ్త అంటే కందకం" అని నోట్సులో రాసిన పిల్లాడికి అగడ్త తెలుసో లేదో మీకు తెలియదు. అదే బొమ్మ వేయమంటే, నీళ్లు గోడకు లోపల ఉండాలా బయట ఉండాలా అన్నది వాడు తేల్చుకోక తప్పదు. తెలియకపోతే అక్కడే దొరికిపోతాడు.

సిద్ధాంతం జోలికి ఎక్కువ పోను. మాటను పదే పదే రాసినవాళ్ల కంటే దానికి బొమ్మ గీసినవాళ్లకు ఆ మాట బాగా గుర్తుంటుందని, బొమ్మ చక్కగా రాకపోయినా ఫరవాలేదని కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో చూపించారు. మనకు ఇంత చాలు.

ఉదాహరణలన్నీ కాకతీయుల కాలం నుంచి తీసుకున్నాను. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' లాంటి నవలను 8, 9 తరగతుల పిల్లలతో చదివిస్తున్నారనుకోండి. బాపిరాజు స్వయంగా చిత్రకారుడు, ప్రమోద్ కుమార్ ఛటర్జీ శిష్యుడు. ఈ నవల రాసింది బొమ్మలేసే మనిషి అని పిల్లలకు ముందే చెప్పండి, హుషారు వస్తుంది. ఆయన 1952లో కన్నుమూశారు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లకు కాపీరైట్ ముగుస్తుంది కాబట్టి కావలసిన పేజీలు జిరాక్స్ తీసి పంచుకోవచ్చు.

ఏమేం కావాలి

నవలలోంచి మూడు నాలుగు పేజీలు. మొత్తం అధ్యాయం పెట్టుకోవద్దు, ఒక సన్నివేశం చాలు.

ఎ4 తెల్లకాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే వచ్చే కార్డులు, పిల్లాడికి నాలుగైదు. పెద్ద డ్రాయింగ్ షీట్ ఇస్తే దాన్ని నింపడానికే పీరియడ్ అయిపోతుంది.

పెన్సిల్, రబ్బరు. మొదటి రోజు రంగులు, స్కెచ్ పెన్నులు బయటికి తీయనివ్వకండి.

ఒక మంచి నిఘంటువు. 'శబ్దరత్నాకరం' బడి లైబ్రరీలో ఉండే అవకాశం ఉంది. ఫోన్ ఉంటే 'ఆంధ్రభారతి' సైటులో ఒకే మాటకు చాలా నిఘంటువుల అర్థాలు ఒకేచోట కనిపిస్తాయి.

ఆ కాలపు ఆనవాళ్ల ఫోటోలు పదో పదిహేనో: ఓరుగల్లు కోట గోడలు, కీర్తితోరణాలు, వేయిస్తంభాల గుడి, రామప్ప గుడి శిల్పాలు. రామప్ప గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించింది. ఆ శిల్పాల్లో నగలు, జడలు, కట్టూ బొట్టూ, డోళ్లు అన్నీ చూడొచ్చు. వీటి గురించి కింద మళ్లీ చెబుతాను, వీటిని మాత్రం వదిలేయకండి.

టైమ్ సంగతి: వరసగా రెండు పీరియడ్లు, వారం తర్వాత ఇరవై నిమిషాలు, నెల తర్వాత పది నిమిషాలు.

1. మాటలు ఏరుకోండి

ఎనిమిది నుంచి పది మాటలు, అంతకు మించి వద్దు. పేజీలో తెలియని మాటలు ముప్పై ఉన్నా సరే. మిగతా వాటికి అర్థం నోటితో చెప్పేసి ముందుకు పోండి.

అన్నీ వస్తువుల పేర్లే ఏరుకోవడం దాదాపు అందరూ చేసే పని. కత్తి, డాలు, కిరీటం ఏరితే బొమ్మలు గబగబా వస్తాయి గానీ పిల్లలకు కొత్తగా వచ్చేదేమీ ఉండదు. నాలుగు రకాలూ కలపండి.

వస్తువులు, కట్టడాలు: అగడ్త, బురుజు, అంబారీ, అమ్ములపొది, గంటం.

మనుషులు, వాళ్ల పనులు: లెంక, వేగు (గూఢచారి), మావటి, గజసాహిణి, సామంతుడు.

జరిగే పనులు: ముట్టడి, దండయాత్ర.

కంటికి కనపడనివి: సుంకం, అభయం.

ఇవి కాక ఇంకో జాతి ఉంది, అన్నిటికంటే విలువైనది అదే. ఇవాళ వేరే అర్థంలో తెలిసిన మాటలు, లేదా తెలిసిన మాటలా వినిపించేవి. పిల్లలు వీటి దగ్గర ఆగరు, అర్థం అడగరు, తప్పుగా అనుకుని ముందుకు వెళ్లిపోతారు. పాఠం కోసం నేను రాసుకున్న ఈ వాక్యం చూడండి:

"చెరువు అలుగు పారుతోందని కట్ట మీది కాపలావాడు నగరుకు కబురంపాడు. లేఖరి గంటం పక్కన పెట్టి లేచాడు."

దీనికి బొమ్మ వేయమంటే ఒక అమ్మాయి చెరువుగట్టు మీద మూతి ముడుచుకుని కూర్చున్న పిల్లను వేసింది. అలుగు అంటే అలగడమే కదా మరి. ఇంకో అబ్బాయి నగరుకు మేడలు, వీధులు, బజారు వేశాడు. గంటం దగ్గర గుడిగంట వేసినవాళ్లు సగం మంది. నిండిన చెరువులో ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోటు అలుగు, తెలంగాణలో మత్తడి అంటారు. నగరు అంటే రాజుగారి ఇల్లు. గంటం తాటాకు మీద రాసే ఇనప పుల్ల. బొమ్మ వేయించకపోతే వాళ్లంతా వాక్యం అర్థమైందనే అనుకునేవాళ్లు, మీరూ అలాగే అనుకునేవారు. ప్రతి పాఠంలో ఇలాంటి మాటలు కనీసం రెండు ఉండేలా చూసుకోండి.

2. నిఘంటువు తీయకముందు ఊహించనివ్వండి

సన్నివేశం మీరే గట్టిగా చదవండి. ఏరిన మాటలను బోర్డు మీద రాయండి. ప్రతి మాటకూ ఏమనుకుంటున్నారో పిల్లలు కార్డు మూలలో చిన్నగా రాసుకోవాలి లేదా గీత గీసుకోవాలి, ఒక్కో మాటకు ఒక నిమిషం. తప్పయినా దిద్దకండి. పైన చెప్పిన గుడిగంటలు ఇక్కడే బయటపడతాయి.

చెరువుల ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు అలుగు, తూము, కట్ట, ఆయకట్టు ముందే తెలిసి ఉంటాయి. వాళ్లను ఇక్కడ మాట్లాడనివ్వండి. తరగతిలో వెనక వరసలో కూర్చునే పిల్లాడు ఒక్కసారిగా అందరికీ చెప్పేవాడవుతాడు.

3. అర్థం తేల్చండి, ఈ వాక్యంలో ఏ అర్థమో ఎంచుకోండి

నిఘంటువులో మొదట కనిపించిన అర్థం రాసేసుకోవడం పిల్లలకు అలవాటు. ఆ అలవాటు మాన్పించే చోటు ఇదే. "తూము" తీసుకోండి. చెరువులో నీళ్లు కాలువకు వదిలే దారి తూము. ధాన్యం కొలిచేదీ తూమే: నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఆ పుట్టి మళ్లీ ఏరు దాటించే గుండ్రటి పడవ కూడా. "దేవుడి మాన్యానికి పుట్టెడు వడ్లు" అన్న చోట పడవ వేస్తే కుదరదు, "పుట్టి ఎక్కి ఏరు దాటారు" అన్న చోట ధాన్యం రాశి వేస్తే కుదరదు. వాక్యంలో ఏ మాటను బట్టి ఆ అర్థం ఎంచుకున్నారో పిల్లాడు వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే బొమ్మ మొదలుపెట్టనివ్వకండి.

4. పెన్సిల్ పట్టేముందు నాలుగు ప్రశ్నలు

ఇది ఎక్కడ ఉంటుంది? ఎవరు వాడతారు? మనిషితో పోలిస్తే ఎంత ఉంటుంది? దీని పక్కన ఏం ఉంటుంది?

జవాబులు నోటితో చెబితే చాలు. ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరినొకరు అడుక్కుంటే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. తొందరలో వదిలేసేది ఈ మెట్టునే. దీన్ని వదిలేస్తే బొమ్మలో వస్తువు ఒంటరిగా గాలిలో తేలుతూ వస్తుంది. గంటం ఒక్కటే వేస్తే అది మేకు కావచ్చు, సూది కావచ్చు. తాటాకు, దాన్ని పట్టుకున్న ఎడమచెయ్యి, గీస్తున్న కుడిచెయ్యి ఉంటే ఇక వేరేది అనుకోవడానికి లేదు.

మనుషుల పేర్ల దగ్గర ఇంకో ప్రశ్న కలపండి: ఇతని పైన ఎవరు, కింద ఎవరు? మావటి, గజసాహిణి ఇద్దరికీ పిల్లలు ఏనుగెక్కిన మనిషినే వేస్తారు. మావటి ఒక ఏనుగును నడుపుతాడు. గజసాహిణి ఏనుగుల సేన మొత్తానికి అధిపతి. కాకతీయ రాజు గణపతిదేవుడి దగ్గర ఆ పదవిలో ఉన్న జాయప సేనానే 'నృత్యరత్నావళి' రాసిన పండితుడు. కాబట్టి గజసాహిణి బొమ్మలో ఏనుగుల వరస, మావటులు, వాళ్ల ఎదురుగా నిలబడి ఆజ్ఞ ఇచ్చే మనిషి కనిపించాలి. సామంతుడు కూడా అంతే. పెద్దరాజు ముందు చేతులు కట్టుకుని కప్పం ఇస్తున్నాడు, వెనక అతనికీ సొంత జెండా, సొంత భటులు ఉన్నారు. రెండూ ఉంటేనే సామంతుడు. వంగి నమస్కారం పెట్టే మనిషి ఒక్కడే ఉంటే సేవకుడైపోతాడు.

లెంక అన్న మాటకు ఇంకొంచెం సాయం చేయాలి. ఏలికతో పాటే బతుకు, ఆయనతో పాటే చావు అని ప్రమాణం చేసిన అంగరక్షకుడు లెంక. పిల్లలు కత్తి పట్టుకున్న భటుణ్ణి వేసి ఊరుకుంటారు. "భటుడికీ ఇతనికీ తేడా బొమ్మలో ఎక్కడుంది?" అని అడగండి. ప్రమాణం చేస్తున్న క్షణం వేస్తారో, ఏలిక మీదికి వస్తున్న బాణానికి అడ్డం పడడం వేస్తారో వాళ్ల ఇష్టం. ఏది వేసినా ఆ మాట ఇక వాళ్లదే.

5. బొమ్మ వేయించండి

మాటకు పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. నియమాలు మూడే. బొమ్మలో అక్షరాలు ఉండకూడదు. ఎక్కడో ఒక చోట మనిషి ఉండాలి, కనీసం ఒక చెయ్యి. ఫోన్ చూసి దించకూడదు. ఫోటోలు చూడాలంటే మీరు తెచ్చినవే చూడాలి.

మీరు బోర్డు మీద ముందుగా వేసి చూపించకండి. మీరు వేశారంటే నలభై మందీ అదే వేస్తారు, ఎవరికి ఏం తెలియదో ఇక బయటపడదు.

జరిగే పనులకు కార్డును రెండు గళ్లుగా మడిపించండి. దండయాత్రలో సైన్యం నడుస్తోంది: మొదటి గడిలో ఒక చోట, రెండో గడిలో ఇంకో చోట. ముట్టడిలో సైన్యం కోట చుట్టూ కదలకుండా కూర్చుంది: మొదటి గడిలో కోట లోపల గాదె నిండుగా ఉంది, రెండో గడిలో ఖాళీ. ఒక్క గడిలో ఈ తేడా చూపించడం పిల్లలకు చాలా కష్టం.

కనపడని మాటలకు గుర్తులు వేయనివ్వకండి. ధైర్యానికి సింహం, న్యాయానికి తక్కెడ వేస్తే మాట రాదు, సింహం బొమ్మ వస్తుంది. ఆ మాట పనిచేసిన ఒక సంఘటన ఇవ్వండి. సుంకం, అభయం రెండిటికీ నేను ఆంధ్ర తీరంలోని మోటుపల్లి రేవు తీసుకుంటాను. అంతకుముందు తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడిన ఓడల్లోని సరుకంతా రాజులు లాగేసుకునేవాళ్లు. ఇక మీదట అలా జరగదు, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని గణపతిదేవుడు 1244లో ఆ రేవులో శాసనం వేయించి వర్తకులకు అభయమిచ్చాడు. గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పగడాలు, పట్టునూలు, మిరియాలు దిగే రేవు అది. పిల్లలకు ఇంత చెప్పి వదిలేయండి. విరిగిన ఓడ, ఒడ్డున సరుకుల కుప్ప, అందులోంచి రాజభటుడు కొంచెం మాత్రమే పక్కకు తీయడం సుంకం. మిగతా కుప్ప దగ్గర వర్తకుడు ఊపిరి పీల్చుకుని కూర్చోవడం అభయం. ఒకే కథ, రెండు కార్డులు. పక్కపక్కన పెడితే ఒకదానితో ఒకటి గుర్తుంటాయి.

6. పక్కవాళ్లకు చూపించి ఊహించమనండి

ఈ పని మొత్తానికి గుండెకాయ ఇదే. కార్డు వేసినవాళ్లు నోరు మెదపకూడదు. చూసేవాళ్లు ముందు కనిపించింది చెప్పాలి ("ఒక మనిషి ఆకు మీద ఏదో గీస్తున్నాడు"), తర్వాత బోర్డు మీది మాటల్లో ఏదో చెప్పాలి, చివరికి ఒక ప్రశ్న అడగాలి.

ఆ ప్రశ్నలోనే అసలు పని జరుగుతుంది. ఒక పిల్లాడు అగడ్త చక్కగా వేశాడు: గోడ, గోడ బయట నీళ్లు, నీళ్లలో మొసలి. చూసిన అమ్మాయి అడిగింది: "మరి లోపలివాళ్లు బయటికి ఎలా వస్తారు?" వాడు తెల్లబోయి, కార్డు వెనక్కి తీసుకుని, గుమ్మం ముందు దారి వేశాడు. తర్వాత వాడే, ఆ దారి మీద కాపలా ఉండాలి కదా అని పైన బురుజు వేశాడు. అగడ్త, కోటగుమ్మం, బురుజు ఒకదానికొకటి ఎందుకున్నాయో వాడికి ఎవరూ చెప్పలేదు.

ఒక కార్డును కనీసం ముగ్గురు చూడాలి. ముగ్గురిలో ఇద్దరు సరిగ్గా చెబితే సరే. చెప్పలేకపోతే లోపం బొమ్మలో ఉందో అర్థంలో ఉందో మీరు చూడండి. అర్థంలో ఉంటే 3వ మెట్టుకు తిరిగి పంపండి, బొమ్మలో ఉంటే 4వ మెట్టుకు.

7. దిద్దించండి

కొత్త కార్డు ఇవ్వండి గానీ పాతది పారేయనివ్వకండి. రెండూ పిన్ను కొట్టి ఉంచాలి. మార్పు ఎక్కడ జరిగిందో మీకూ వాళ్లకూ కనిపిస్తుంది. రంగులు వేసుకుంటామంటే ఇప్పుడు ఇంటి దగ్గర వేసుకోమనండి.

8. కార్డు వెనక రాయించండి

మాట, నవలలోని వాక్యం, సొంత వాక్యం, ఈ మూడూ ఉండాలి. సొంత వాక్యంలో ఆ మాట ఏదో ఒక పని చేయాలి. "అగడ్త చాలా బాగుంది" లాంటివి ఒప్పుకోకండి. "అగడ్తలో నీళ్లు ఎండిపోవడంతో శత్రువులు గోడ దాకా వచ్చారు" అని రాస్తే మాట వచ్చినట్టు.

9. కార్డులన్నీ ఒక చోట చేర్చండి

విడివిడి కార్డులు డబ్బాలో పడేస్తే మళ్లీ ఎవరూ తీయరు. నేల మీద సుద్దతోనో గోడ మీద చార్టు మీదో ఓరుగల్లు కోట పటం గీయండి: బయట మట్టికోట, దాని చుట్టూ అగడ్త, లోపల రాతికోట, దాని చుట్టూ మళ్లీ అగడ్త, మధ్యలో స్వయంభూ దేవాలయం ఉన్న చోటు, నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు. తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఆ తోరణమే అంటే పిల్లలు వెంటనే గుర్తుపడతారు. కోట బయట చెరువు, పొలాలు, దూరంగా మోటుపల్లి రేవు.

ఇప్పుడు ఒక్కొక్కరూ వచ్చి తమ కార్డు ఎక్కడుండాలో అక్కడ పెట్టి, ఎందుకో ఒక్క మాటలో చెప్పాలి. లేఖరి గంటం నగరులో. తూము చెరువుకట్టలో, అలుగు కట్ట చివర. సుంకం రేవులోనా, కోటగుమ్మం దగ్గరా? వాదించుకోనివ్వండి. రెండు చోట్లా సుంకం వసూలు చేయొచ్చు, కాబట్టి ఆ కార్డు ఇంకోటి వేయిస్తే సరి. వేగు ఎక్కడుండాలి అన్నదానికి మాత్రం ప్రతిసారీ గొడవే. ఆ గొడవ ఎంతసేపు సాగితే అంత మంచిది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

సినిమా కోట. పిల్లలు రాజు అనగానే సినిమాల్లో చూసిన కిరీటం, విదేశీ కార్టూన్లలోని మొనదేలిన బురుజుల కోట వేస్తారు. కొందరు కోటకు చార్మినార్ మినార్లు పెడతారు. రుద్రమదేవి 13వ శతాబ్దపు మనిషి, చార్మినార్ కట్టింది 1591లో. తిట్టకండి. ఓరుగల్లు కోట ఫోటో, పిల్లాడి కార్డు పక్కపక్కన పెట్టి "ఏం తేడా ఉంది?" అని మాత్రం అడగండి. ఫోటోలు తప్పనిసరి అన్నది ఇందుకే.

కాలం తప్పడం. వంటింటి దృశ్యమైతే ఎర్రటి మిరపకాయల దండ వేసేస్తారు. మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్లు వచ్చాకే మన దేశానికి చేరాయి. రుద్రమదేవి కాలం వంటింట్లో కారం అంటే మిరియాలే. కోట మీద ఫిరంగి, లేఖరి చేతిలో కాగితం కూడా ఇలాగే వస్తుంటాయి. ఇలాంటి తప్పులు కనిపెట్టడమే పిల్లలకు ఆటగా ఇవ్వండి, ఎంత ఇష్టంగా వెతుకుతారో చూడండి.

ప్రింటవుట్. ఇంటికి పంపితే గూగుల్ బొమ్మో, ఏఐ వేసిన బొమ్మో తెచ్చి అంటిస్తారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ పిల్లాడు జవాబు చెప్పలేడు. మొదటి బొమ్మ ఎప్పుడూ తరగతిలోనే వేయించండి.

అందానికి మార్కులు. ఇది టీచర్లు చేసే పొరపాటు, ఇది మాత్రం గట్టిగా చెబుతాను. బాగా గీసేవాళ్ల కార్డులు గోడకెక్కించి మిగతావి పక్కన పెడితే, బొమ్మ రాని పిల్లలు రెండోసారి పెన్సిల్ పట్టరు. పుల్లల మనుషులతో వేసిన బొమ్మైనా ముగ్గురు గుర్తుపడితే దానికి పూర్తి మార్కులు ఇవ్వండి. అద్భుతంగా షేడింగ్ చేసిన కత్తి "చురిక" అని ఎవరికీ తెలియకపోతే అది ఇంకా పూర్తి కాలేదని చెప్పండి.

మాటను విరిచి వేయడం. అమ్ములపొదికి ఒక పక్క బాణాలు, ఇంకో పక్క పొద వేసినవాళ్లున్నారు. ఊహకు ఇది మంచిదే. కానీ చివరి కార్డులో వీపు మీద అమ్ములు నిండిన పొది ఉండాలి.

వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

మర్నాడు పరీక్ష పెడితే అందరికీ వస్తుంది, దాన్ని బట్టి ఏమీ తేలదు. వారం ఆగండి.

ముందు కార్డుల బొమ్మవైపు చూపించి మాట రాయమనండి, కానీ ఎవరి కార్డు వాళ్లకు చూపించకండి. తర్వాత మాట చెప్పి, రెండు నిమిషాల్లో గుర్తున్నది గీయమనండి. ఆ తర్వాత నవలలో లేని కొత్త వాక్యం ఇచ్చి, ఆ మాట సరిగ్గా వాడారా తప్పుగా వాడారా అని అడగండి. "రాజు అగడ్త మీద కూర్చుని తీర్పు చెప్పాడు", "కరువు వచ్చిన ఏడాది చెరువు అలుగు పారింది" లాంటివి. రెండూ తప్పే, ఎందుకో చెప్పగలగాలి. ఈ మూడో దానికి ఎక్కువ విలువ ఇవ్వండి. బొమ్మ గుర్తుండి మాట రానివాళ్లు ఇక్కడ తేలతారు.

ఆఖరున అదే నవలలోంచి ఇంకా చదవని రెండు పేజీలు ఇచ్చి చదవమనండి. ఈసారి ఎక్కడ ఆగుతున్నారో చూడండి. కొత్త మాట దగ్గర ఆగి "ఇది ఎక్కడ ఉంటుంది, ఎవరు వాడతారు" అని వాళ్లంతట వాళ్లే అడుక్కుంటుంటే మీ రెండు పీరియడ్లూ వృథా పోలేదు.

మీ పరిస్థితిని బట్టి మార్పులు

తరగతిలో అరవై మంది ఉంటే ఆరుగురు చొప్పున గ్రూపులు చేసి, గ్రూపుకు రెండు మాటలే ఇవ్వండి. గ్రూపులోని ఆరుగురూ ఒకే మాటకు విడివిడిగా వేయాలి. ఆరు బొమ్మల్లో తేడాలే వాళ్ల చర్చ.

కాగితాలకు ఇబ్బందిగా ఉంటే పలక మీదో, నేల మీద సుద్దతోనో వేయించి, మీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

బొమ్మ అసలు వేయనని మొండికేసే పిల్లలకు బంకమట్టి ఇవ్వండి, లేదా ఇద్దరు ముగ్గుర్ని కలిపి ఆ దృశ్యంలా నిలబడమనండి. చూపు లేని పిల్లలు ఉంటే అందరికీ మట్టే ఇవ్వండి, ఊహించే ఆట చేత్తో తడిమి ఆడొచ్చు. తూము, అలుగు ఉన్న చెరువుకట్ట మట్టితో చేసి నీళ్లు పోసి చూపిస్తే కాగితం కంటే బాగా అర్థమవుతుంది.

విదేశాల్లో పెరిగే పిల్లలకు ఐదు మాటలు చాలు. వాళ్లకు అలుగుతో పాటు చెరువే కొత్త కావచ్చు, అందుకే 4వ మెట్టుకు రెట్టింపు టైమ్ ఇవ్వండి. తెలుగు రాయడం ఇంకా రానివాళ్లు కార్డు వెనక రాయడానికి బదులు సొంత వాక్యాన్ని రికార్డు చేసి పంపొచ్చు. ఆన్‌లైన్ తరగతైతే కార్డును కెమెరా ముందు పెట్టి, వేసినవాళ్లు మైక్ ఆపేయాలి.

వేరే కాలం నవల చదువుతుంటే వరస ఇదే, ఆధార చిత్రాలు మాత్రం మారతాయి. శాతవాహనుల కాలం మీద బాపిరాజే రాసిన 'హిమబిందు'కు అమరావతి శిల్పాలు, ఇక్ష్వాకుల కాలపు 'అడివి శాంతిశ్రీ'కి నాగార్జునకొండ శిల్పాలు పెట్టుకోండి. రామప్ప ఫోటోలు చూపించి శాతవాహనుల నగలు వేయించకండి, రెండిటి మధ్యా వెయ్యేళ్లు ఉన్నాయి.

వారం తర్వాతి పరీక్షలో సగం మందికి పైగా తప్పిన మాటల కార్డులను వేరే కవర్లో పెట్టండి. నెల రోజుల తర్వాత పది నిమిషాలు తీసుకుని ఆ కవర్‌తో 6వ మెట్టు ఒక్కటే మళ్లీ ఆడించండి. అప్పటికీ రాని మాటలుంటే కొత్త సన్నివేశంలోంచి కొత్త వాక్యం ఇచ్చి, కొత్త కార్డు మీద మొదటి నుంచి వేయించండి.